మందుచీటీ కథ



నెల్లూరు జిల్లాలో కావలికి దగ్గరగా, సముద్రపొడ్డున జువ్వలదిన్నె అనే ఊరుంది. అక్కడ ఫిషింగ్ హార్బరు కట్టారు గనుక పేపర్లలో ఆ పేరు మీరు చూసే ఉంటారు. అలాంటి రేవుల్లో చేపల వేలంపాట ఎప్పుడైనా విన్నారా? ధర పైకి చెబుతారు. కొనేవాళ్ళూ పైకే పాడతారు. అరవై అన్నది ఎవరికైనా ఇరవై అని వినబడితే, చుట్టూ ఉన్న పదిమందీ అక్కడికక్కడే సరిదిద్దుతారు.

అదే రేవులో చేపలమ్మే తల్లికి జబ్బు చేసి పట్నంలో డాక్టరు గారి దగ్గరికి వెళ్ళిందనుకోండి. ఆయన చీటీ రాసిస్తారు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుని మందుల షాపుకి పోతుంది. రాసినాయన పైకి చదవరు, ఇచ్చినాయన తిరిగి అడగరు, మింగేమనిషికి ఆ రాత తెలియదు. చదువుకున్న మనకు మాత్రం తెలుసునా? మనమూ చీటీ చూసి, 'కోడిగీతలు' అని నవ్వుకుని ఊరుకుంటాం. ఆ గీతల వెనక ఉన్న చరిత్ర ఇవాళ కాస్త చెప్పుకుందాం.

చీటీలో ఓ.డి., బి.డి., టి.డి.ఎస్. అని ఉంటాయి చూడండి, అవి పాత లాటిన్ మాటల పొడి అక్షరాలు. రోజుకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అని వాటి అర్థం. ఒకటి పక్కన చుక్క పెట్టి సున్నా రాస్తే, ఆ చుక్క కనబడకపోతే పదవుతుంది. మోతాదు పదింతలన్నమాట. 1995లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒకాయనకు డాక్టరు గుండెనొప్పికి ఐసార్డిల్ అనే మందు రాశారు. షాపులో దాన్ని ప్లెండిల్ అని చదివి, రక్తపోటు మందు ఇచ్చారు. ఐసార్డిల్‌కి రాసిన మోతాదు ప్లెండిల్‌కి చాలా ఎక్కువ. ఆ మనిషి బతకలేదు. 1999లో అక్కడి జ్యూరీ, మందు ఇచ్చినవాళ్ళతోపాటు రాసిన డాక్టరునూ బాధ్యుణ్ణి చేసింది.

మన దగ్గర ఈ సంగతి పట్టించుకున్నవారు ఎవరనుకుంటున్నారు? నల్గొండలో మందుల షాపు నడిపే చిలుకూరి పరమాత్మ గారు. రోజూ ఆ గీతలతో కుస్తీ పట్టే మనిషి గనుక ఆయనకు తెలిసింది. 2014లో హైదరాబాదు హైకోర్టుకు వెళ్ళారు. 2016లో భారత వైద్య మండలి తన నిబంధనలు సవరించి, డాక్టర్లు మందుల అసలు పేర్లు స్పష్టంగా, వీలైతే ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో రాయాలని చెప్పింది.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాం. 1971లో కాలిఫోర్నియాలోని ఎల్ కమీనో ఆస్పత్రిలో డాక్టర్లు తెర మీదనే మందులు ఎంచి ఆర్డరు చేసే ఏర్పాటు మొదలైంది. దాన్ని తయారుచేసింది విమానాలు కట్టే లాక్‌హీడ్ కంపెనీ అంటే ఆశ్చర్యంగా లేదూ? ఇలాంటి ఏర్పాటులో చేతిరాత ఉండదు. రోగికి పడని మందైనా, మోతాదు మించినా, రెండు మందులు ఒకదానికొకటి పొసగకపోయినా యంత్రం హెచ్చరిస్తుంది. 1998లో బోస్టన్ ఆస్పత్రి ఒకటి లెక్కతీస్తే, రోగిదాకా వచ్చే పెద్ద పొరపాట్లు సగానికి పైగా తగ్గాయట.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీకు తెలుసు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తీర్చిదిద్దిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. కాన్సరుకు వచ్చిన ఆ మందు తర్వాత కీళ్ళవాతానికీ వాడుకలోకి వచ్చింది. కీళ్ళవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చాలా ఆస్పత్రుల కంప్యూటర్లలో ఆ మందు పేరు నొక్కగానే 'వారానికోసారి' అని దానంతటదే పడేలా పెట్టారు. రోజూ అని రాయాలంటే కారణం చెప్పాలి. ఒక్క మాట చూడండి, ఎంత కాపాడుతుందో!

అయితే యంత్రం వచ్చిందని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చా? పోకూడదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రి అనుభవం 2005లో అచ్చయింది. కంప్యూటరు పెట్టాక, బయటి ఆస్పత్రుల నించి తెచ్చిన పిల్లల్లో మరణాలు నూటికి మూడు లోపు నించి ఆరు దాటాయి. అత్యవసరంలో డాక్టర్లూ నర్సులూ తెర ముందు కూర్చోవలసి రావడం, పిల్ల రాకముందు మందు ఆర్డరు చెయ్యలేకపోవడం వంటివి కారణాలన్నారు. అదే ఏడు పెన్సిల్వేనియాలో జరిగిన పరిశీలన, యంత్రమే కొత్తగా తెచ్చిపెట్టే పొరపాట్లు 22 రకాలని తేల్చింది. వరసలో పక్క పేరు నొక్కితే చాలు, ఒకరి మందు మరొకరికి పోతుంది. అచ్చు అందంగా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానమూ రాదు!

మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ఇ-సంజీవని మొదలైంది. పల్లెలోని ఆరోగ్య కేంద్రం నించి దూరాన ఉన్న డాక్టరుకు తెర మీద చూపించుకుంటే, చీటీ అచ్చుగా వస్తుంది. జువ్వలదిన్నె వంటి సముద్రపు ఊళ్ళకు ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. అయినా అచ్చు చీటీ కూడా మూగదే. దానికి నోరు ఇవ్వవలసింది మనం.

కాబట్టి ఈ నాలుగు మాటలూ అడగండి. ఈ మందు పేరేమిటి? ఎందుకు? రోజుకెన్నిసార్లు, లేక వారానికెన్నిసార్లు? ఎన్నాళ్ళు? డాక్టరు గారి ముందే పైకి చెప్పి, 'అంతేనాండీ?' అనండి. మందుల షాపులో మళ్ళీ చెప్పించుకోండి. ఏ మందు పడదో, ఇంట్లో ఇంకేం వేసుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెంట తీసుకెళ్ళండి. మీ అత్తగారికి కీళ్ళవాతం మందుంటే, ఏ వారం వెయ్యాలో డబ్బీ మీద పెద్దగా రాయండి.

అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. రేవులో చేపల ధరే పదిమందీ వినేలా చెబుతారే, మన ఇంటి మనిషి నోట్లో వేసే మాత్ర సంగతి ఒక్కసారి పైకి అనుకుంటే తప్పేముంది?

సెలవు.