కాగితం మీద ఆరు మాటలు

హనుమాన్ జంక్షన్ బాపులపాడు మండలంలోది. హైవే మీదికి నూజివీడు రోడ్డు వచ్చి కలిసే చోటు. ఇలాంటి కూడలి ఊళ్ళలో 2000 తర్వాత ఎస్‌టీడీ బూతుల పక్కన నెట్ సెంటర్లు వెలిశాయి. ఎంసెట్ ర్యాంకు చూడాలన్నా, అమెరికాలో ఉన్న అన్నయ్యకి మెయిల్ కొట్టాలన్నా అవే దిక్కు. మనకంటే ముందు ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో, కంప్యూటర్‌లో ఏం పెట్టి వెళ్ళారో తెలీదు. అయినా పాస్‌వర్డు కొట్టేసేవాళ్ళం.

మన చేతిలో ఉన్న యంత్రాన్ని నమ్మలేనప్పుడు దూరాన ఉన్న యంత్రానికి మనం మనమేనని ఎలా చెప్పాలి? ఈ ప్రశ్న నెట్ సెంటర్లకంటే పాతది.

1981లో లెస్లీ లాంపోర్ట్ దీనికో ఉపాయం రాశాడు. మామిడి రసం తాండ్ర అవుతుంది గానీ తాండ్ర మళ్ళీ రసం అవదు. అలా వెనక్కి తిరగని లెక్కలు గణితంలోనూ ఉన్నాయి. మన రహస్యాన్ని అలాంటి లెక్కలో వందసార్లు తిప్పి, వందో ఫలితాన్ని మాత్రం సర్వర్‌కి ఇస్తాం. మొదటిసారి లోపలికి వెళ్ళేటప్పుడు తొంభై తొమ్మిదోది చెప్తాం. సర్వర్ దాన్ని ఇంకొక్కసారి తిప్పి చూస్తుంది, వందోది వస్తే తలుపు తీస్తుంది. ఆ తర్వాత తొంభై ఎనిమిదోది. పక్కనుంచి విన్నవాడికి దక్కేది వాడేసిన మాటే, రాబోయేది కాదు.

అమెరికాలోని బెల్‌కోర్ సంస్థ ఈ ఊహతోనే ఎస్/కీ తయారుచేసింది. పెద్ద అంకెలు కొట్టడం కష్టమని ఒక్కో పాస్‌వర్డునీ ఆరు చిన్న ఇంగ్లీషు మాటలుగా మార్చారు. ప్రయాణానికి ముందు ఆ మాటల జాబితా కాగితం మీద అచ్చు వేసుకుని జేబులో పెట్టుకోవచ్చు. వాడినదల్లా కొట్టేసుకుంటూ పోవడమే.

1995లో ఫిన్లండ్‌లో తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులు దొంగిలించడం చూసి తాతు ఈలోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. అంతవరకూ టెల్నెట్‌లో పాస్‌వర్డు పోస్టుకార్డులా బట్టబయలుగా వెళ్ళేది, ఇప్పుడు కవరు దొరికింది. అయితే కవరు కాపాడేది దారిలోనే. ఉత్తరం రాస్తున్నప్పుడే భుజం మీదుగా చదివేవాణ్ణి అది ఆపలేదు. న్యూయార్క్ కాపీ షాపుల్లోని పబ్లిక్ కంప్యూటర్లలో ఒకతను దాదాపు రెండేళ్ళపాటు కీలాగర్లు పెట్టి 450కి పైగా యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డులు పోగేశాడు. 2003లో నేరం ఒప్పుకున్నాడు.

ఆ కాగితానికీ ఒక హద్దుంది. అది మాటను కాపాడుతుంది, లోపలికి వెళ్ళాక జరిగే పనిని కాదు. మనం తలుపు తీశాక చెడ్డ కంప్యూటర్ మన పేరుతోనే ఏమైనా చేయగలదు. అందుకే తెలిసినవాళ్ళు పరాయి యంత్రం మీద ముఖ్యమైన సర్వర్ తెరవరు. తప్పనిసరైతే అక్కడ తక్కువ అధికారాలున్న అకౌంటుతో పని ముగిస్తారు.

మరి మన దేశం ఎవరిని అనుమానించింది? 2011 సైబర్ కేఫ్ నిబంధనలు వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూడమన్నాయి, ఏడాదిపాటు రికార్డులు దాచమన్నాయి, క్యూబికల్ గోడలు నాలుగున్నర అడుగులు దాటకూడదన్నాయి. కూర్చున్న మనిషి ఎవరో తేల్చడానికి ఇన్ని ఏర్పాట్లు. ఆ మనిషికి తన ముందున్న యంత్రం ఎలాంటిదో చెప్పే ఏర్పాటు మాత్రం ఎక్కడా కనపడలేదు.

ఇవాళ మన ఫోనుకి వచ్చే ఓటీపీ లెక్క వేరు, ఊహ మాత్రం ఆ కాగితానిదే: ఒక్కసారే పనికొచ్చే మాట. కానీ ఆ కాగితం ఎవరి జేబులో వాళ్ళకే ఉండేది. ఇప్పుడు కౌంటర్ అవతలినుంచి "ఓటీపీ చెప్పండి బాబాయ్" అంటారు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, ఆరంకెలూ గట్టిగా, క్యూలో అందరికీ వినపడేలా చదువుతాడు. ఆ అంకెలు దేనికి ఒప్పుకుంటున్నాయో స్క్రీన్ తనవైపు తిరిగి ఉంటే కదా తెలిసేది. నలభై ఏళ్ళ గణితం ఆ కౌంటర్ దగ్గరికి వచ్చి, మళ్ళీ మనిషి మీద మనిషి నమ్మకంగా మారిపోతోంది. ఆ స్క్రీన్ ఆయనవైపు తిప్పడానికి కొత్త లెక్కేమీ అక్కర్లేదు.