గుప్త రక్తపోటు హృద్రోగం

అధిక రక్తపోటు వలన గుండె కండరం ఇప్పటికే మార్పు చెంది ఉండి, రోగికి మాత్రం గుండె జబ్బు లక్షణాలేవీ ఇంకా కనిపించని స్థితిని గుప్త రక్తపోటు హృద్రోగం అంటారు. ఈ స్థితిలో ఉన్నవారు ఆయాసమని గానీ, ఛాతీ నొప్పి అని గానీ వైద్యుని వద్దకు రారు. కాలు విరిగో, పాము కరిచో, తలనొప్పి తగ్గకో ఆసుపత్రి అత్యవసర విభాగానికి వస్తారు. అక్కడ రక్తపోటు ఎక్కువగా ఉన్నట్లు తేలుతుంది. అటువంటి వారిని ఇంటికి పంపే ముందు గుండెకు జరిగిన నష్టాన్ని వెదకాలా, వద్దా అన్నది అత్యవసర వైద్యంలో కొన్నేళ్లుగా చర్చలో ఉన్న ప్రశ్న. పశ్చిమ గోదావరి జిల్లాలోని మొగల్తూరు వంటి తీరప్రాంత మండలాలకు ఈ ప్రశ్న మరింత వర్తిస్తుంది. ఇక్కడ చాలామందికి వైద్యునితో పరిచయం ఏదో ఒక ఆపద వచ్చినప్పుడే కలుగుతుంది.

గుండెలో జరిగే మార్పులు

శరీరమంతటికీ రక్తాన్ని నెట్టేది ఎడమ జఠరిక. ధమనులలో పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ గది ప్రతి స్పందనలోనూ ఎక్కువ బలం ఉపయోగించవలసి వస్తుంది. బరువులు మోసేవాని భుజం వలెనే దాని గోడ కూడా క్రమంగా మందమవుతుంది. అయితే భుజానికీ దీనికీ ఒక భేదం ఉన్నది. మందమైన గుండె గోడలో కండర కణాలతో పాటు పీచు పదార్థం కూడా పెరుగుతుంది. దానివలన గోడ బిరుసెక్కి, స్పందనకూ స్పందనకూ మధ్య సరిగా వదులు కాదు. రక్తం లోనికి రావడానికి ఎడమ కర్ణిక ఎక్కువ శ్రమపడి తానూ సాగుతుంది. ఈ దశలో గుండె సంకోచ శక్తి మామూలుగానే ఉంటుంది కనుక రోగికి తేడా తెలియదు. తరువాతి కాలంలో కర్ణిక లయ తప్పడం, పక్షవాతం, గుండె వైఫల్యం, హఠాన్మరణం సంభవించవచ్చు.

ఈ మార్పు వైద్యులకు కొత్త కాదు. లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1836లోనే మూత్రపిండాల వ్యాధితో మరణించిన వారి ఎడమ జఠరిక పెద్దదై ఉండడాన్ని గమనించాడు. అప్పటికి మనుషుల రక్తపోటును చేతికి పట్టీ కట్టి కొలిచే సాధనమే లేదు. అది 1896లో ఇటలీ దేశపు రివా-రొచ్చితో వచ్చింది.

అత్యవసర విభాగంలో రక్తపోటు

అత్యవసర విభాగంలో చూసిన రక్తపోటును యథాతథంగా నమ్మరాదు. నొప్పి, భయం, నిండిన మూత్రాశయం, చేతికి సరిపడని చిన్న పట్టీ ఇవన్నీ అంకెను పెంచుతాయి. అందువలన నొప్పి తగ్గిన తరువాత, రోగిని కొంతసేపు కూర్చోబెట్టి మరలా చూడాలి. అలాగని పెరిగిన ప్రతి అంకెనూ భయం వలననేనని కొట్టివేయడం కూడా పొరపాటే. ఆచరణలో ఈ రెండవ పొరపాటే ఎక్కువగా జరుగుతుంది.

ఇక్కడ రెండు స్థితులను వేరుగా గుర్తించాలి. రక్తపోటు 180/120 మి.మీ. పాదరసం దాటి, దానితో పాటు మెదడు, గుండె, మూత్రపిండాలు, కంటి తెర లేదా బృహద్ధమని అప్పటికప్పుడు దెబ్బతింటూ ఉంటే అది అత్యయిక స్థితి. అటువంటి రోగిని ఆసుపత్రిలో చేర్చి, సిర ద్వారా మందులిచ్చి, గమనిస్తూ తగ్గించాలి. అంకె ఎంత పెద్దదైనా ఏ అవయవానికీ తక్షణ హాని లేకపోతే కంగారుపడి తగ్గించనక్కరలేదు. ఒకప్పుడు నిఫెడిపిన్ గొట్టాన్ని పగులగొట్టి నాలుక కింద వేయడం పట్టణాలలోనూ పల్లెలలోనూ ఆనవాయితీగా ఉండేది. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలు బయటపడిన తరువాత, 1996లో అమెరికా వైద్య పత్రికలో ఈ పద్ధతిని మానుకోవాలని నిపుణులు గట్టిగా కోరారు.

గుప్త హృద్రోగం ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. తక్షణ హాని లేదు, కానీ ఏళ్ల తరబడి జరిగిన హాని ఉన్నది. అమెరికాలోని డెట్రాయిట్ నగరపు అత్యవసర విభాగంలో, రక్తపోటు ఎక్కువగా ఉన్నా గుండె లక్షణాలు లేని 161 మంది నల్లజాతి రోగులకు ఎకో పరీక్ష చేయగా 146 మందిలో గుప్త హృద్రోగం కనిపించింది. ఈ ఫలితం 2012లో ప్రచురితమైంది. వారిలో అత్యధికులకు తమకు రక్తపోటు ఉన్నట్లు ముందే తెలుసు. కాబట్టి ఆ నిష్పత్తిని గోదావరి డెల్టాకు యథాతథంగా అన్వయించరాదు. కానీ లక్షణాలు లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు కాదని మాత్రం అది స్పష్టం చేసింది.

పరీక్షలు

అందరికీ అందుబాటులో ఉన్నది ఈసీజీ. 1949లో సోకొలోవ్, లియాన్ అనే వైద్యులు ప్రతిపాదించిన సూత్రం నేటికీ వాడుకలో ఉన్నది. వి1 లోని ఎస్ తరంగం లోతును, వి5 లేదా వి6 లోని ఆర్ తరంగం ఎత్తును కూడితే 35 మి.మీ. లేదా అంతకు మించి వస్తే ఎడమ జఠరిక మందమైనదని అనుమానిస్తారు. ఈ పద్ధతికి రెండు వైపులా లోపాలున్నాయి. లావుగా ఉన్నవారిలో తరంగాలు చిన్నవిగా పడి జబ్బు దాగిపోతుంది. బక్కపలుచని యువకులలో జబ్బు లేకుండానే తరంగాలు ఎత్తుగా వస్తాయి. చేపల చెరువులలోనో పొలాలలోనో కష్టపడే సన్నని కూలివాని ఈసీజీ చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఈసీజీ మామూలుగా ఉన్నంతమాత్రాన గుండె బాగున్నదని చెప్పడం కుదరదు.

ఎకో పరీక్ష దీనికంటే ఎంతో నమ్మదగినది. శరీర ఉపరితలంలో ప్రతి చదరపు మీటరుకు ఎడమ జఠరిక బరువు పురుషులలో 115 గ్రాములు, స్త్రీలలో 95 గ్రాములు మించితే అది పెరిగినట్లు లెక్క. గోడ బిరుసుదనం, కర్ణిక పరిమాణం కూడా ఇందులో తెలుస్తాయి. అయితే యంత్రం, దానిని చదవగల మనిషి ఇద్దరూ కావాలి. రాత్రి పూట ఆ ఇద్దరూ ఒకేచోట దొరకడం పెద్ద పట్టణాలలోనే కష్టం.

రక్త పరీక్షలలో ముఖ్యమైనది బీఎన్‌పీ. 1988లో జపాన్ శాస్త్రజ్ఞులు దీనిని పంది మెదడులో కనుగొన్నందున పేరులో మెదడు చేరింది, నిజానికి ఇది ఎక్కువగా గుండె గదుల నుండే వెలువడుతుంది. ఆయాసంతో వచ్చిన రోగిలో ఇది మిల్లీలీటరుకు 100 పికోగ్రాముల లోపు ఉంటే గుండె వైఫల్యం కాకపోవచ్చునని భావిస్తారు. గుప్త దశలో మాత్రం ఇది తరచుగా మామూలుగానే ఉంటుంది. ట్రోపోనిన్, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు తోడ్పడతాయి.

అందరికీ చేయాలా?

అమెరికా అత్యవసర వైద్యుల కళాశాల 2013లో ఇచ్చిన సూచనల ప్రకారం, లక్షణాలు లేకుండా రక్తపోటు బాగా పెరిగిన వారందరికీ తక్షణ అవయవ హాని కోసం మామూలుగా పరీక్షలు చేయనవసరం లేదు. తరువాత వైద్యుని చూసే అవకాశం లేనివారి విషయంలో మాత్రం క్రియాటినిన్ పరీక్ష ఉపయోగపడవచ్చునని చెప్పింది. ఈ మినహాయింపు చిన్నదిగా కనిపించినా, మన పల్లెలలో మినహాయింపే నియమమవుతుంది.

మరొక వైపు వాదన కూడా బలమైనదే. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన విల్సన్, యుంగ్నర్ సూత్రాల ప్రకారం, కనుగొన్న వ్యాధికి చికిత్స అందించే ఏర్పాటు లేనిదే వ్యాధిని వెదకడంలో అర్థం లేదు. గుండె గోడ మందమైనదని చెప్పి, మందుల చీటీ ఇచ్చి పంపిన రోగి పది రోజుల తరువాత మందు మానివేస్తే ఆ ఎకో వలన ఒరిగినదేమీ ఉండదు.

గోదావరి డెల్టాలో

ఈ ప్రాంతంలో గుండె జబ్బుల భారం ఎంతటిదో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య ప్రయత్నం అనే అధ్యయనం బయటపెట్టింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్ తదితర సంస్థలు ఇందులో పాల్గొన్నాయి. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1,80,000 జనాభాలో, ఏడాది పాటు సంభవించిన 1354 మరణాలకు కారణాలను ఇంటింటికీ వెళ్లి కుటుంబసభ్యులను అడిగి నమోదు చేశారు. గుండె, రక్తనాళాల జబ్బుల వలన 32 శాతం మంది మరణించినట్లు తేలింది. అంటు వ్యాధుల వాటా 12 శాతం మాత్రమే. పల్లెలలో చావులు జ్వరాలు, విరేచనాల వలననే అన్న నమ్మకం దీనితో సడలింది.

తరువాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాలలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చి, గుండె జబ్బు ముప్పు ఉన్నవారిని గుర్తించి వైద్యుని వద్దకు పంపే ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ముప్పు ఉన్నవారిని గుర్తించగలిగారు గానీ, రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. గుర్తించడం ఒక పని, అదుపు చేయడం మరొక పని అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

మొగల్తూరు నుండి రోగికి మొదటి ఆశ్రయం స్థానిక ఆరోగ్య కేంద్రం, తరువాత నరసాపురం, ఆపైన జిల్లా కేంద్రమైన భీమవరం. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సులో దారిలోనే రక్తపోటు చూస్తారు. ఆ అంకె, సమయం, అప్పటికి రోగి వాడుతున్న మందులు కాగితం మీద రోగి చేతికి చేరితే తరువాతి వైద్యునికి సగం పని తప్పుతుంది. ఇంటి దగ్గర మరో రెండు మూడు రోజులలో చూసిన రక్తపోటును దాని కిందనే వ్రాయించుకోవాలి. అప్పుడు కూడా 140/90 లేదా అంతకు మించి ఉంటే ఈసీజీ, వీలైతే ఎకో చేయించడం సమంజసం.

చికిత్స

మందమైన గోడ మరలా పలుచబడగలదు. 2002లో ప్రచురితమైన లైఫ్ అనే ప్రయోగంలో, ఈసీజీలో ఎడమ జఠరిక మందమైన 9193 మందికి లోసార్టాన్ లేదా ఎటెనొలాల్ ఇచ్చి పోల్చారు. రక్తపోటు రెండు వర్గాలలోనూ దాదాపు సమానంగా తగ్గినా, లోసార్టాన్ వాడినవారిలో ఈసీజీ మార్పులు ఎక్కువగా తగ్గాయి, పక్షవాతం తక్కువగా వచ్చింది. నేడు ఈ తరగతి మందులు, ఎనలాప్రిల్ వంటివి, ఆమ్లోడిపిన్, మూత్రకారకాలు వాడుకలో ఉన్నాయి. గర్భిణులకు లోసార్టాన్, ఎనలాప్రిల్ తరగతుల మందులు ఇవ్వరాదు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయ, ఎండుచేప లేనిదే ముద్ద దిగని తీరప్రాంతంలో ఈ సలహా చెప్పడం సులభం, పాటించడం కష్టం. ఊరగాయను పూర్తిగా మానమనడం కంటే, కూరలో ఉప్పు తగ్గించి ఎండుచేపను నానబెట్టి నీళ్లు పారబోసి వండమనడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది.