ఆకుల నీటి పద్దు

ఇంటిలో నూనె యెంత, పప్పు యెంత ఖర్చయ్యెనో పద్దు వ్రాసికొనుట మనకు క్రొత్త కాదు. పొలమున నీటికి మాత్రము జమయే కాని ఖర్చు వ్రాయము. వాన యెంత కురిసెనని యడిగెదము. ఆకుల మార్గమున నావిరియై పోయిన దెంతయని యడుగము. పైరు వేళ్లతో పీల్చిన నీటిలో నత్యల్పభాగమే దానియందు నిలుచును. తక్కినది పత్రరంధ్రముల నుండి బాష్పోత్సేకమున వెడలిపోవును. కంటికి గానరాని యీ వ్యయమును గొలువ యత్నించినవారి చరిత్రమును సంగ్రహముగ మనవి చేయుదుము.

1724లో ఇంగ్లాండున స్టీఫెన్ హేల్స్ అను క్రైస్తవ మతగురువు మూడున్నర అడుగుల ప్రొద్దుతిరుగుడు మొక్కను కుండలో బెంచి, మట్టి తేమ పోకుండ కుండమూతిని సీసపు రేకుతో గప్పి, ఉదయసాయంకాలములు తూచెను. పగటి 12 గంటలలో నది సగటున 20 ఔన్సుల నీటిని విడిచినట్లు 1727లో ప్రకటించెను. 1894లో జర్మను శాస్త్రజ్ఞుడు స్టాల్, తేమ తగిలిన నీలమునుండి గులాబిరంగునకు మారు కోబాల్టు క్లోరైడు కాగితము నాకునకు హత్తించి పరీక్షించెను. 1911లో ఫ్రాన్సిస్ డార్విన్, డొరోతియా పెర్ట్జ్ అను విదుషితో గూడి, ఆకులోనికి గాలి యెంత సులభముగ బోవునో చూచి రంధ్రముల విప్పును దెలిసికొను పోరోమీటరును వెల్లడించెను. ఆ కాలముననే బీహారులోని పూసాలో వాల్టర్ లెదర్ మన దేశపు పైరుల నీటి యవసరమును లెక్కించెను.

ఇక మన ప్రాంతమునకు వత్తము. హైదరాబాదునకు తూర్పున, ఘట్‌కేసరు దారిలోని ఉప్పలున, 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ రాతినేల క్రింది నీటిని వెదకుచున్నది. పడమట పటాన్‌చెరున 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థవారు నీటి ఖర్చును తూచిరి. ఈ శతాబ్దమున వారు పొడవైన గొట్టములలో మన్ను నింపి, సజ్జ, వేరుసెనగ మొదలగువానిని బెంచి, పైని ప్లాస్టిక్ పూసలు పరచి, కప్పీతో నెత్తి తూచిరి. హేల్సునకు సీసపు రేకు చేసిన పనినే యిచట పూసలు చేసినవి!

తేలిన దేమి? పంట చివర వాన తప్పినను తట్టుకొను సజ్జరకములు పూతకు ముందు నీటిని పొదుపుగ వాడి, గింజ నిండువేళకు కొంత మిగుల్చుకొనును. ఎంత త్రాగెనన్నదే కాదు, ఎప్పుడు త్రాగెనన్నదియు పంటను నిర్ణయించును.

బోరు వెనుక బోరు వేసి అప్పులపాలగు మెట్టరైతున కీ జ్ఞానము విత్తన రూపమున జేరవలెను. మన పాఠశాలలలో బిడ్డల కొక కుండమొక్కయు, దుకాణపు త్రాసును, మట్టిని గప్ప నొక ప్లాస్టిక్ గుడ్డయు నిండు. జమను మాత్రమే చూచు సంసారము నిలువదని వారే తూచి తెలిసికొందురు.