తప్పెట మోగని రోజు

దివిసీమలో మా తాత దండోరా వేసేవాడు. శిస్తు కట్టమన్నా, కాలువకు నీళ్లొదిలినా ఆయన తప్పెటే ఊరికి కబురు. 1977 నవంబరు 19న రేడియో తుపాను గురించి చెప్పింది. ఏ ఊరు ఖాళీ చెయ్యాలో, జనం ఎటు పోవాలో చాటమని మాత్రం తాతకు ఎవరూ చెప్పలేదు. ఆ తప్పెట గోడకే వేలాడింది. ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. వాళ్లలో మా మేనత్త ఒకరు.

తర్వాత తుపాను షెల్టర్లు కట్టారు. ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీరానికి నేరుగా హెచ్చరికలు పంపారు. 1990 మేలో అంతటి తుపానే వచ్చింది, ముందే లక్షమందికి పైగా తరలించారు. మృతులు వెయ్యిలోపే.

మీ ఊళ్లో కబురు ఎవరు ఎవరికి చెప్పాలో వానాకాలానికి ముందే పంచాయతీలో అడగండి.