పురాణమున సవర, పాఠశాలలో సవర



బడులలో పురాణగాథల నొక గంటయు, హక్కుల చరిత్రమును మఱియొక గంటయు వేఱుగా బోధించుట పరిపాటి. ఈ రెండింటిని ఒక్క పాఠముగా చెప్పుటకు వలసిన సామగ్రి మన వంశధార యొడ్డుననే కలదని మనవి చేయుటయే నేటి నా ప్రసంగము.

శ్రీముఖలింగమున వెలసిన స్వామి మధుకేశ్వరుడు. మధుకమనగా ఇప్పచెట్టు. ఇప్పపూలకై తన భార్య లిరువురును కలహింపగా, సవర నాయకుడొకడు ఆ చెట్టును నఱుకబోయెననియు, దాని మొదట శివుడు సాక్షాత్కరించెననియు స్థలపురాణము. పూరీ జగన్నాథుని గాథలో నీలమాధవుని తొలుత పూజించిన విశ్వావసువు సవరయే. శ్రీరామునకు ఆతిథ్యమిచ్చిన శబరి పేరే ఆ జాతిని తలపించును. ఎంగిలి పండ్ల మాట వాల్మీకమున లేదు. అది తరువాతి భక్తులు ప్రేమతో చేర్చినది. గాథ వేఱు, చరిత్రము వేఱు అని గురువు పిల్లలకు విప్పి చెప్పవలయును.

అప్పుడొక బాలుడు లేచి, “అయ్యా, దేవుడు సవరను మన్నించెను గదా, మఱి సవర పిల్లలకు పూర్వము బడి యేల లేకపోయెను?” అని యడుగవచ్చును. అచ్చట చరిత్రపాఠ మారంభమగును.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన ముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా సవరల దుస్థితిని గమనించి, వారికి వారి భాషలోనే చదువు చెప్పవలెనని తలచిరి. ఆ భాష నేర్చుటకు పుస్తకములు లేవు. తెలుగు తెలిసిన సవర నొకని తమ యింట నుంచుకొని నేర్చిరి. సవర మాటలతో వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, ఆ ధనమును సవరల బడికే వినియోగింపుడని కోరిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయినవి. 1940 జనవరి 22న వారు పరమపదించిరి.

గ్రాంథికవాదులతో వారు చేసిన వాదము మీరెఱుగుదురు. నేను గ్రాంథికమున పెరిగినవాడను, గ్రాంథికముననే మాటాడుచున్నాను. అయినను బాలునకు తెలియని మాటలతో చెప్పిన చదువు మనసున కెక్కదన్న సత్యమును కాదనజాలను.

ఒక్క ఉపాధ్యాయుని దయగా నుండినది తరువాత హక్కయ్యెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసెను. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు వసతులు కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలయునని విధించెను. దయ దాత మనసును బట్టి యుండును; హక్కును అడిగి పొందవచ్చును. ఈ భేదమే పిల్లలకు ముఖ్యముగా తెలియవలసినది.

కావున గ్రామపెద్దలారా, మీ బడి పిల్లలను ముఖలింగమునకు తీసికొనిపోయి ఆ ఇప్పచెట్టు కథ చెప్పింపుడు. సీతంపేట కొండలనుండి సవర వృద్ధు నొకని గౌరవముతో పిలిపించి, వారి దేవతల కథ వారి భాషలోనే చెప్పింపుడు. పిల్లలు దానిని తెలుగు లిపిలో వ్రాసికొని, క్రింద అర్థము వ్రాయుదురు గాక. పిమ్మట ఆ రాజ్యాంగ వాక్యమును చదివింపుడు. దీనికి కావలసిన వ్యయము స్వల్పము. తమ తాతల కథ బడిలో విన్న సవర బాలుడు ఆ బడిని తనదిగా తలచును. ప్రక్కన కూర్చున్న మన బాలుడును అతనిని తనవానిగా తలచును.

సెలవు.