చెప్పుల కాడ కావలి

ఆదిలాబాద్‌లో బీపీఈడీ చదువుతున్న ఒక చెల్లె మొన్న ఫోన్ చేసింది. "అన్నా, అమెరికా బడుల్లో వికలాంగ పిల్లలకు ఆటలు నేర్పే టీచర్లు వేరే ఉంటారట. అడాప్టెడ్ పీఈ టీచర్ అంటారట. మన దగ్గర ఎందుకు లేరు?"

నాకు ముందు మా బడి గుర్తొచ్చింది. కరీంనగర్ జిల్లాలో ఒక ఊరి హైస్కూలు, 2000 దాటిన కొత్తలో. ఆటల పీరియడ్ గంట కొట్టగానే అందరం గ్రౌండ్‌కు ఉరికేటోళ్లం. పోలియోతో ఒక కాలు సన్నబడ్డ మా వాడ దోస్తు మాత్రం వేపచెట్టు కింద మా చెప్పులకు కావలి. డ్రిల్లు సారు చెడ్డోడు కాదు. "పడ్తవు బిడ్డా, కూసో" అనేటోడు, ప్రేమగానే. ఆ ప్రేమతోనే వాడు ఐదేండ్లు కూర్చున్నాడు. నేనూ నా చెప్పులు వాడి ముందు విడిచే ఉరికాను. అంబేడ్కర్ బడిలో విడిగా గోనెపట్ట మీద కూర్చున్న సంగతి డిగ్రీలో చదివి ఏడ్చినవాణ్ణి. వేపచెట్టు కింది చోటూ అట్లాంటిదేనని తట్టడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది.

ఇక చెల్లె ప్రశ్న. అమెరికా 1975లో వికలాంగ పిల్లల చదువుకు చట్టం చేసినప్పుడు, ప్రత్యేక విద్య అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే వ్యాయామ విద్యను చేర్చింది. చట్టంలో ఉంది కాబట్టి నేర్పే మనిషి కావాల్సి వచ్చింది. ఆ టీచర్ పని ఆటను బిడ్డకు తగ్గట్టు మార్చడం. చూపులేని పిల్లలకు చప్పుడు చేసే బంతి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు కిందికి దించిన బాస్కెట్, ఒక్కసారి చెప్తే అందని బిడ్డకు పదిసార్లు చేసి చూపించే ఓపిక.

మన 1995 చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది, 2016 చట్టం 21ని. ఈ కొత్త చట్టం 16వ సెక్షన్ చదువుతో పాటు ఆటల్లోనూ అందరితో సమాన అవకాశం ఇవ్వాలని బడులకు చెప్పింది. కానీ ఆ పని పేరుతో ఒక పోస్టు నేను ఏ నోటిఫికేషన్‌లోనూ చూడలేదు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ఫిజియోథెరపీ చేయిస్తారు. అది కావాల్సిందే. అయితే ఫిజియోథెరపీలో గెలుపు ఉండదు, ఓటమి ఉండదు, పక్కన దోస్తులు ఉండరు.

మన పక్క వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి. కూలి చేసుకునే కుటుంబం. చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి చేసేవారని తల్లిదండ్రులే విలేకరులకు చెప్పారు. ఆమె పరుగును ముందుగా పసిగట్టింది బడిలో ఒక పీఈటీ. తర్వాత కోచ్ నాగపురి రమేష్ చేయి పట్టుకున్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం.

ఆమె పోటీపడే మేధోవైకల్య విభాగానికీ ఒక వెలివేత చరిత్ర ఉంది. 2000 సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు వైకల్యం లేనివాళ్లను దింపి బంగారు పతకం కొట్టింది. దొరికిపోయింది. శిక్ష మాత్రం ప్రపంచంలోని మేధోవైకల్య క్రీడాకారులందరికీ పడింది. 2012 లండన్ దాకా పారాలింపిక్స్ గడప తొక్కనివ్వలేదు. ఎవరో చేసిన తప్పుకు వాడ మొత్తాన్ని వెలివేయడం మనకు తెలియనిదా?

చెల్లెకు ఇదంతా చెప్పాను. "అయితే పోస్టు పడేదాకా నేనేం చెయ్యాలన్నా?" అంది. దీప్తిని పసిగట్టిన సారుదీ మామూలు పీఈటీ ఉద్యోగమేనమ్మా అన్నాను.

పోయిన ఆదివారం మా దోస్తును కలిశాను. ఇప్పుడు కరీంనగర్‌లో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. అప్పుడు ఏ ఆట ఆడాలని ఉండేదిరా అని ఇన్నేండ్లకు అడిగాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టి నవ్వాడు. "ఖోఖోల ఎనిమిది మంది కూసునే ఉంటరు గదరా. కూసోబెట్టుడే అయితే ఆడన్న కూసోబెట్టకపోతిరి."