తుపాకీ పక్కన పెట్టిన డాన్

1951 మార్చి 13. న్యూయార్క్‌లోని ఫోలీ స్క్వేర్ ఫెడరల్ కోర్టు భవనం. ముఠా నేరాల మీద విచారణ జరుపుతున్న అమెరికా సెనేట్ కమిటీ ముందుకు అరవయ్యేళ్ల మనిషి ఒకడు వచ్చి కూర్చున్నాడు. ఖరీదైన సూటు, నున్నగా దువ్విన జుట్టు. తన క్లయింటు మొహం టీవీలో చూపించడానికి వీల్లేదని అతని లాయరు జార్జ్ వుల్ఫ్ పట్టుబట్టాడు. కమిటీ సరేనంది. టీవీ వాళ్లు కెమెరాను కిందికి దించి అతని చేతుల మీద పెట్టారు.

ఆ దించడమే అతని కొంప ముంచింది. ప్రశ్న పడగానే వేళ్లు బల్ల మీద దరువు వేసేవి. జేబురుమాలు గుప్పిట్లో నలిగిపోయేది. చెయ్యి ఉన్నట్టుండి నీళ్ల గ్లాసు కోసం వెతుక్కునేది. వెనక నుంచి బొంగురు గొంతు మాత్రం వినిపించేది. మొహం కనిపిస్తే అదొక మామూలు ముసలాయన మొహం. చేతులే కనిపించేసరికి చూసేవాళ్లకు ఏదో దాస్తున్నాడన్న అనుమానం గట్టిపడింది. ఆ విచారణను దాదాపు మూడు కోట్ల మంది చూశారని అంచనా. అమెరికాలో టీవీ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులవి.

ఆ చేతులు ఫ్రాంక్ కాస్టెల్లోవి. పత్రికలు అతనికి ‘అండర్‌వరల్డ్ ప్రధానమంత్రి’ అని పేరు పెట్టాయి. అల్ కపోన్‌లా మెషిన్‌గన్లతో పేరు తెచ్చుకున్నవాడు కాదు. అతని సరుకు పరిచయాలు. జడ్జీలు, పోలీసు అధికారులు, పార్టీ నాయకులు అతని ఫోనుకు పలికేవారు. ఆ పలుకుబడి ఎలా పెరిగింది, ఎలా కరిగింది అన్నదే కాస్టెల్లో కథ.

పది నెలల పాఠం

అసలు పేరు ఫ్రాన్సెస్కో కాస్టీలియా. 1891లో దక్షిణ ఇటలీలోని కలాబ్రియా ప్రాంతంలో, లావురోపోలి అనే పల్లెలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లితో కలిసి ఓడెక్కి న్యూయార్క్ చేరాడు. ఇటలీ వలస కుటుంబాలతో కిక్కిరిసిన ఈస్ట్ హార్లెం వీధుల్లో పెరిగాడు. దొంగతనాలు, దొమ్మీలు అక్కడే అలవడ్డాయి. 1915లో తుపాకీతో పట్టుబడి పది నెలలు జైల్లో ఉన్నాడు.

బయటికొచ్చాక మళ్లీ తుపాకీ పట్టకూడదని తీర్మానించుకున్నాడంటారు. అది పశ్చాత్తాపమేమీ కాదు, వ్యాపార లెక్క. తుపాకీ ఉన్నవాడు పోలీసుకు దొరుకుతాడు, పోలీసునే చేతిలో పెట్టుకున్నవాడికి తుపాకీతో పనేముంది?

1920లో అమెరికా అంతటా మద్యనిషేధం వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది, దాహం జనం గొంతులో ఉంది. ఆ రెంటి మధ్య కాస్టెల్లోలాంటి వాళ్లు కోట్లు గడించారు. సముద్రం మీద ఓడల్లో సరుకు రావాలంటే తీర రక్షణ దళం కళ్లు మూసుకోవాలి, లారీలు కదలాలంటే పోలీసులు పక్కకు తిరగాలి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో తెలిసినవాడిగా కాస్టెల్లో పైకొచ్చాడు. భాగస్వామి బిల్ డ్వయర్‌కు 1926లో శిక్ష పడింది. కాస్టెల్లో కేసులో మాత్రం జ్యూరీ ఒక మాట మీదికి రాలేకపోయింది.

మేయరు సుత్తి

మద్యనిషేధం 1933లో పోయింది. కాస్టెల్లో అప్పటికే మరో వ్యాపారంలో స్థిరపడ్డాడు. న్యూయార్క్ మిఠాయి కొట్లలో, సిగరెట్ల షాపుల్లో అతని స్లాట్ మెషీన్లు ఉండేవి. నాణెం వేసి పిడి లాగితే పిప్పరమెంటు బిళ్ల పడేది. అది జూదం కాదు, బిళ్లలు అమ్మే యంత్రం అని కోర్టులో వాదించుకోవడానికే ఆ ఏర్పాటు. పోలీసులు వాటి జోలికి పోకుండా కోర్టు ఉత్తర్వు కూడా సంపాదించారు.

1934లో మేయరైన ఫియోరెల్లో లగ్వార్డియాకు ఈ ఆటలు నచ్చలేదు. సుత్తి పట్టుకుని ఫొటోగ్రాఫర్ల ముందే మెషీన్లను బద్దలు కొట్టాడు. ముక్కల్ని పడవలో తీసుకెళ్లి నీళ్లలో పారేయించాడు. కాస్టెల్లో తగాదా పెట్టుకోలేదు, దుకాణం మార్చాడు. లూసియానా రాజకీయాలను తన గుప్పిట్లో పెట్టుకున్న సెనేటర్ హ్యూయీ లాంగే తనను అక్కడికి రమ్మన్నాడని ఆ తర్వాత గ్రాండ్ జ్యూరీ ముందు స్వయంగా చెప్పాడు. మెషీన్లు న్యూ ఆర్లీన్స్ చేరాయి.

ఈలోగా ముఠాలోనూ కాలం కలిసొచ్చింది. ముఠా పెద్ద లక్కీ లూసియానోకు 1936లో 30 నుంచి 50 ఏళ్ల జైలుశిక్ష పడింది. అతని తర్వాతివాడు వీటో జెనొవీజ్ హత్య కేసుకు భయపడి 1937లో ఇటలీ పారిపోయాడు. కుర్చీ కాస్టెల్లోకు దక్కింది. ఎవరినీ కాల్చి ఎక్కలేదు, ఖాళీ అయితే కూర్చున్నాడు.

జడ్జిగారి ఫోన్

న్యూయార్క్‌లో డెమొక్రటిక్ పార్టీ యంత్రాంగం పేరు టామనీ హాల్. ఎవరికి టికెట్ ఇవ్వాలో, ఎవరిని జడ్జి చేయాలో అక్కడే తేలేది. ఎన్నికలకు డబ్బు కావాలి, కాస్టెల్లో దగ్గర డబ్బుంది. 1943లో జిల్లా అటార్నీ ఫ్రాంక్ హోగన్ కాస్టెల్లో ఇంటి ఫోను మీద నిఘా పెట్టించాడు. ఆగస్టులో ఓ పొద్దున ఆ ఫోను మోగింది. అవతల థామస్ ఆరీలియో. న్యూయార్క్ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి పదవికి అప్పుడే నామినేషన్ దక్కించుకున్నాడు. పేరు సుప్రీంకోర్టే అయినా అది అక్కడ పెద్ద కేసులు విచారించే ట్రయల్ కోర్టు. అంతటి పదవికి పోటీ చేస్తున్నవాడు కాస్టెల్లోకు కృతజ్ఞతలు చెప్పి, ఎప్పటికీ విశ్వాసంగా ఉంటానన్నాడు. పని అయిపోతుందని నేను చెప్పానంటే అయిపోయినట్టేనని కాస్టెల్లో ధీమాగా జవాబిచ్చాడు.

హోగన్ ఆ సంభాషణను పత్రికలకు విడుదల చేశాడు. ఊరంతా గుప్పుమంది. ఆరీలియోను నిలబెట్టిన పార్టీలే చేతులు దులుపుకున్నాయి. కానీ బ్యాలెట్ మీద అతని పేరు అలాగే ఉండిపోయింది. లాయరు పట్టా రద్దు చేయించాలన్న ప్రయత్నమూ ఫలించలేదు. నవంబరులో గెలిచాడు, జడ్జి పీఠమెక్కాడు.

కాస్టెల్లోకు ఆ దెబ్బ పెద్దగా తగల్లేదు. సెంట్రల్ పార్క్ పక్కన మెజెస్టిక్ భవనంలో అతని ఫ్లాట్‌కు పెద్దవాళ్ల రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. 1949 జనవరిలో సాల్వేషన్ ఆర్మీ అనే చారిటీ సంస్థ విరాళాల కోసం కోపకబానా క్లబ్బులో విందు ఇచ్చాడు. ప్లేటు వంద డాలర్లు. వచ్చిన అతిథుల్లో జడ్జీలున్నారు, రాజకీయ నాయకులున్నారు. ఆ కథ పేపర్లకెక్కితే చారిటీ వాళ్లు ఇబ్బంది పడ్డారు గానీ, అతని పిలుపుకు ఎవరెవరు కదులుతారో ఊరికి తెలిసిపోయింది.

ఒక్క జవాబు

అంతవరకూ ఇవన్నీ న్యూయార్క్ వాళ్లు చెవులు కొరుక్కునే సంగతులు. మొదట చెప్పిన సెనేట్ కమిటీ, సెనేటర్ ఎస్టిస్ కెఫోవర్ నడిపినది, వాటిని దేశం ముందు పెట్టింది. మాజీ మేయర్ విలియం ఓడ్వయర్‌ను పిలిచి, 1942లో కాస్టెల్లో ఫ్లాట్‌కు ఎందుకు వెళ్లారని అడిగారు. అప్పట్లో తాను సైన్యంలో ఉన్నానని, సైనిక కాంట్రాక్టుల్లో అక్రమాల గురించి వాకబు చేయడానికే వెళ్లానని ఆయన చెప్పుకొచ్చాడు.

కాస్టెల్లో వంతు వచ్చింది. ఈ దేశపు పౌరుడిగా దేశానికి ఏం మేలు చేశావని సెనేటర్ చార్ల్స్ టోబీ నిలదీశాడు. కాస్టెల్లో కాసేపు తడుముకుని, పన్ను కట్టానన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత గొంతు బాగాలేదంటూ లేచి వెళ్లిపోయాడు. కమిటీని ధిక్కరించినందుకు 18 నెలల శిక్ష పడింది.

నవ్వి ఊరుకోనిది ఆదాయపు పన్ను శాఖ. అది పెట్టిన పన్ను ఎగవేత కేసు 1954లో విచారణకు వచ్చింది. సంపాదన కాగితాల మీద లేదు కాబట్టి ఖర్చులు లెక్కపెట్టారు. అతని భార్య లొరెట్టా షాపింగ్ బిల్లుల దగ్గర్నుంచి, శ్మశానంలో కట్టించుకున్న సమాధి మందిరం దాకా ఒక్కొక్కటీ పైకి తీశారు. ప్రభుత్వం 144 మంది సాక్షులను, 368 ఎగ్జిబిట్లను కోర్టు ముందు పెట్టింది. ఐదేళ్ల శిక్ష పడింది.

ఇక కేసు మీద కేసు. జైలుకు వెళ్లడం, అప్పీలు మీద బయటికి రావడం. కానీ అసలు నష్టం అది కాదు. అతనితో కలిసి భోంచేస్తే ఇక పేరు పేపర్లో పడుతుంది. ఓట్లు అడగాల్సిన నాయకుడికి అంత ధైర్యం ఉండదు. పరిచయాలతో బతికే మనిషిని పరిచయస్తులే వదిలేస్తే చేతిలో మిగిలేదేముంది?

లాబీలో తూటా

అది కనిపెట్టినవాడు వీటో జెనొవీజ్. 1945లో అమెరికా తిరిగొచ్చాడు, కేసు వీగిపోయింది, పాత కుర్చీ మీద కన్ను పడింది. 1957 మే 2 రాత్రి కాస్టెల్లో మెజెస్టిక్ లాబీలోకి అడుగుపెడుతుండగా వెనక నుంచి ఓ బొద్దు మనిషి, ‘ఫ్రాంక్, ఇది నీకే’ అంటూ కాల్చాడు. మాట విని తల తిప్పడంతో తూటా చర్మాన్ని చీల్చుకుంటూ పోయింది. అరవకుండా కాల్చి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

ఆస్పత్రిలో పోలీసులు అతని కోటు జేబులో ఓ చీటీ చూశారు. అందులో 6,51,284 డాలర్ల లెక్క. ఆరా తీస్తే అది లాస్ వేగాస్‌లో కొత్తగా తెరిచిన ట్రోపికానా కేసినో రాబడితో సరిపోయింది. కాల్చినవాడిగా విన్సెంట్ జీగాంటేను పట్టుకున్నారు. డోర్‌మన్ గుర్తుపట్టాడు. కాస్టెల్లో మాత్రం ఎవరు కాల్చారో తాను చూడలేదన్నాడు. జీగాంటే విడుదలయ్యాడు. తర్వాతి రోజుల్లో పిచ్చివాడిలా బాత్‌రోబ్‌లో వీధుల్లో తిరుగుతూ ముఠాను నడిపింది ఈ జీగాంటేనే.

కాస్టెల్లో కుర్చీ వదిలేశాడు. అతనికి అండగా ఉన్న ఆల్బర్ట్ అనస్తేసియాను అదే ఏడాది అక్టోబరులో హోటల్ క్షౌరశాల కుర్చీలోనే కాల్చి చంపారు. జెనొవీజ్ గెలుపూ ఎంతోకాలం నిలవలేదు. నవంబరులో అపలాకిన్ అనే ఊళ్లో ముఠా నాయకుల సమావేశం మీద పోలీసులు దాడి చేశారు. 1959లో మాదకద్రవ్యాల కేసులో జెనొవీజ్‌కు 15 ఏళ్ల శిక్ష పడింది. జైల్లోనే చనిపోయాడు.

ఎవరికి పడింది శిక్ష?

పౌరసత్వం తీసుకునేటప్పుడు వృత్తి గురించి అబద్ధం చెప్పాడంటూ 1959లో కాస్టెల్లో పౌరసత్వం రద్దు చేశారు. ఇటలీకి పంపేయాలనుకున్నారు. నేరాలు రుజువైన నాటికి అతను పౌరుడే కాబట్టి, విదేశీయులకు వర్తించే నిబంధన కింద బహిష్కరించడం కుదరదని 1964లో దేశ సుప్రీంకోర్టు తేల్చింది. ఈసారి అతను నిజంగానే చట్టం బలంతో గెలిచాడు. 1973 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయాడు. అంతకు ముందు ఏడాదే ‘గాడ్‌ఫాదర్’ వచ్చింది. అందులో మార్లన్ బ్రాండో గొంతుకు కాస్టెల్లో బొంగురు గొంతే ఆధారమంటారు. మన రాంగోపాల్ వర్మ ‘సర్కార్’ దాకా పాకిన మాఫియా పెద్దమనిషి పోలికలో అతని వాటా కొంత ఉంది.

కాస్టెల్లో అమాయకుడేం కాదు. అతని కుర్చీ కింద హత్యలు చేసేవాళ్లున్నారు, చేయించేవాళ్లున్నారు. అయితే అతనికి పడ్డ శిక్షల జాబితా చూస్తే ఒకటి తెలుస్తుంది. తుపాకీ, ధిక్కారం, పన్ను. అతన్ని ప్రధానమంత్రిని చేసిన అసలు వ్యాపారానికి, అంటే జడ్జి పదవులను, టికెట్లను బేరం పెట్టినందుకు, ఒక్క శిక్షా పడలేదు. ఆ కేసు నడపాలంటే కొన్నవాడితోపాటు అమ్మినవాళ్లనూ బోనెక్కించాలి. ఆరీలియో బోను ఎక్కలేదు, బెంచీ మీద కూర్చుని ఇతరుల కేసులు విన్నాడు.